కుళ్లాయప్ప మామ మిషన్ తిన్న తిట్లు

ప్రొద్దుటూరు మొత్తం మీద తన సరుకును తానే తిట్టుకునే వ్యాపారి ఒక్కడే. ఆయన మా కుళ్లాయప్ప మామ.

ఈ ఊరి బజారు చూసినవాళ్లకు ఇదెంత విడ్డూరమో వేరే చెప్పనక్కర్లేదు. బంగారం అంగళ్ల వీధిలో అడుగు పెడితే చాలు, ప్రతి మెట్టు మీది నుంచీ ఎవరో ఒకరు "రాండమ్మా, ఇట్లాంటి పనితనం మద్రాసులో గూడా దొరకదు" అని పిలుస్తారు. చీరలో చిరుగు చూపిస్తే "అది కొత్త డిజైనమ్మా" అంటాడు అంగడాయన. బజ్జీల బండి మనిషి కూడా తన నూనెను తానే పొగుడుకుంటాడు. అలాంటి ఊళ్లో, ఒక చీరల అంగడి పైన మేడ మీద పాటలు రికార్డు చేసే స్టూడియో పెట్టుకుని, మెట్లెక్కి వచ్చిన ప్రతి మనిషికీ ఈ మహానుభావుడు ముందుగా చెప్పే మాట ఇది.

"మిషన్ గాడిదప్పా. ముందే చెప్తాండా. ఏదన్నా తేడా వస్తే నన్నూ అనుకోవద్దు, నిన్నూ అనుకోవద్దు. దాన్ని అనుకో."

మిషన్ అంటే ఒక కంప్యూటరు, దాని పక్కన మన గొంతును కంప్యూటరుకు అర్థమయ్యేట్టు మార్చే ఒక చిన్న పెట్టె, అద్దానికి అవతలి గదిలో స్టాండుకు వేలాడే మైకు, చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్లు. మామ లెక్కలో ఇవన్నీ కలిసి ఒకటే జంతువు. దానికి నాలుగు కాళ్లు, తోక తప్ప అన్నీ ఉన్నాయని ఆయన గట్టి నమ్మకం.

పాడే గది గోడలకు పెద్ద స్టూడియోల్లో ఉండే స్పాంజి పలకలు లేవు. గొంగళ్లు ఉన్నాయి. మామ వాళ్లది తరతరాలుగా గొర్రెలు కాసుకున్న కుటుంబం. ఇంట్లో ఉన్న పాత నల్లగొంగళ్లన్నీ పట్టుకొచ్చి గోడలకు మేకులు కొట్టి బిగించాడు. శబ్దం గోడకు తగిలి వెనక్కి తిరిగి రాకుండా అవి బ్రహ్మాండంగా పీల్చుకుంటాయి. శబ్దంతో పాటు పాడేవాళ్ల ఊపిరి కూడా పీల్చుకుంటాయి. ఎండాకాలంలో ఆ గదిలో నిలబడితే మంద మధ్యలో నిలబడ్డట్టే. ఒక భజన గురువు పల్లవికి ముందొకసారి, చరణానికి ముందొకసారి తుమ్మేవాడు. "రివర్బ్ ఎక్కువైంది, మోత తిరిగొస్తాంది, గాడిద మిషన్" అన్నాడు మామ. ఆ గురువు కూడా అవునప్పా అని తలూపి, తుమ్మి, మళ్లీ పాడాడు.

దసరా వచ్చిందంటే ఆటోల్లో తిరిగే ప్రకటనలన్నీ మా దగ్గరే రికార్డయ్యేవి. వాటిని చదివే అబ్రార్ గొంతు వింటే దర్గా దగ్గర పడుకున్న కుక్కలు కూడా లేచి నిలబడతాయి. అంత గొంతు. కానీ కాగితంలో శుక్రవారం అని ఉంటే గురువారం అంటాడు. ఒకసారి కాదు, వరసబెట్టి అంటాడు. ఒకనాడు ప్రకటన ఇచ్చిన అంగడాయన ఎదురుగానే కూర్చుని ఉన్నాడు, మొహం ఎర్రబడుతోంది. మామ కంప్యూటరు నెత్తిన చప్పున ఒకటి వేశాడు.

"ఫాంటమ్ పవర్ పడిపోయింది. ఆయప్ప శుక్రవారమే అన్నాడు. ఇది గురువారం చేసింది."

"మిషన్ వారాలు గూడా మారుస్తదా?" అన్నాడు అంగడాయన.

"పంచాంగం మొత్తం మారుస్తది సామీ. మీకు తెల్దు దీని సంగతి."

అబ్రార్ నుదుటి చెమట తుడుచుకుని తర్వాతి టేకులో శుక్రవారాన్ని శుక్రవారంగానే చదివాడు.

ఇక నా సంగతి. నేను ఆ మెట్లు మొదటిసారి ఎక్కింది జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చి. అప్పట్లో ఒక కేబుల్ టీవీ వాళ్లు వార్తలు చదివేవాళ్లు కావాలన్నారు, గొంతు రికార్డు చేసి పంపమన్నారు. నా గొంతు మంచిదే. నోరే పెగిలేది కాదు. దానికి మూలపురుషుడు మా నాన్న సుబ్బరామయ్య. ఆయన గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. ఉద్యోగమంతా పక్కవాళ్లు రాసిన కాగితాల్లో తప్పులు దిద్దీ దిద్దీ, ఇంటికొచ్చాక కూడా చెయ్యి ఊరుకోక మా మాటలు దిద్దేవాడు. "నాన్నా, రేపు బడి లేదు" అంటే "బడి ఎక్కడికి పోతుందే భావనా? రేపు బడికి సెలవు అనాలి" అనేవాడు. ప్రేమ లేక కాదు పాపం, అలవాటు. ఆ దిద్దుబాట్లన్నీ కలిసి నా గొంతులో ఎక్కడో అడ్డంగా కూర్చున్నాయి. కొత్తవాళ్ల ముందు నోరు తెరిస్తే వాక్యం సగంలో ఆగిపోయేది.

గొంగళ్ల మధ్య నిలబడ్డాను. అద్దం అవతల మామ బొటనవేలు ఎత్తాడు. "నమస్కారం, వార్తలకు స్వాగతం" అన్నాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. చేతిలో కాగితం గలగల హెడ్‌ఫోన్లలో నాకే వినపడుతోంది. ఇంకేముంది, ఈయన కూడా దిద్దుతాడు అనుకున్నాను.

మామ దిగ్గున కుర్చీలోంచి లేచాడు. నా వైపు చూడనే లేదు. కంప్యూటరు మీద పడ్డాడు.

"చూస్తివా పాపా ఇది చేసిన పని? నువ్వు బాగా చదువుతాంటే ఓర్వలేక లేటెన్సీ తెచ్చి పెట్టింది. గాడిద. రోంత ఆగు, దీనికి బుద్ధి చెప్తా."

లేటెన్సీ అంటే ఏమిటో నాకేం తెలుసు? అదేదో జబ్బు, ఆ జబ్బు నాది కాదు మిషన్‌ది అనేసరికి ప్రాణం లేచొచ్చింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఆగాను. "ఇప్పుడు క్లిప్పింగ్" అన్నాడు. ఇంకోచోట ఆగితే "బఫర్ నిండిపోయింది" అన్నాడు. ఆ పొద్దు నేను ఆగిన చోటల్లా ఆ మిషన్‌కు ఒక రోగం వచ్చింది. చూసి చూసి నాకు దాని మీద జాలి పుట్టింది. పాపం, ఇది పూర్తిగా చచ్చేలోపు చదివేద్దామని తల వంచుకుని గడగడా మొత్తం చదివేశాను.

"ఇప్పటికి దారికొచ్చింది" అన్నాడు మామ, మిషన్‌ను చూసి పళ్లు కొరుకుతూ.

టీవీ వాళ్లు ఆ ఉద్యోగం తమ మనిషికెవరికో ఇచ్చుకున్నారు. ఆ మాట చెప్పడానికి వస్తే మామ నన్ను స్టూడియోలోనే పనికి పెట్టుకున్నాడు. ఆటో ప్రకటనల్లో ఆడగొంతు కావాల్సినప్పుడు చదవాలి, మిగతా వేళల్లో రికార్డింగ్ పని నేర్చుకోవాలి. నేను "సరే సార్" అన్నాను.

"సార్ అనాకు. సార్ అంటే మిషన్‌కు నవ్వొస్తది. మామా అను."

అట్లా మామ అయ్యాడు. పొద్దున జమ్మలమడుగులో బస్సెక్కి వచ్చేదాన్ని, సాయంత్రం అదే బస్సులో పోయేదాన్ని. మధ్యలో రోజంతా మిషన్ తిట్లు తింటూ ఉండేది. మెల్లమెల్లగా నా నోరు పెగిలింది. ఎంతగా అంటే, ఇంట్లో మా నాన్న ఒక మాట దిద్దితే "అది నా తప్పు కాదు నాన్నా, లేటెన్సీ" అనేదాన్ని. లేటెన్సీని ఎట్లా దిద్దాలో తెలియక ఆయన గమ్మునయ్యేవాడు.

మధ్యాహ్నం క్యారియర్ తెచ్చే చిన్నసుబ్బమ్మత్త ద్వారా ఈ తిట్ల మహిమ ఇంటి దాకా ఉందని తెలిసింది. ఆమె మామ భార్య. ఒకనాడు పప్పు అడుగంటింది. మామ ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నమిలి, "స్టవ్ గాడిద" అన్నాడు.

"చూస్తివా?" అంది అత్త నాతో. "నేను ఫోన్లో మాట్లాడుకుంటా మర్చిపోయినా. తిట్లు స్టవ్‌కు. ఉప్పెక్కువైతే ఉప్పుడబ్బాకు. పెండ్లయినప్పటి నుంచి ఈయప్ప నన్ను ఒక్క మాట అన్ల్యా పాపా. ఇంట్లో సామాన్లకే మర్యాద ల్యా."

"మీరు అదృష్టవంతులత్తా."

"నేను అదృష్టవంతురాలినే. మిక్సీ మాత్రం ఏ పాపం చేసుకున్నదో."

ఇదంతా వినడానికి బాగానే ఉంటుంది. వ్యాపారానికి బాగుండదు. ఊళ్లో ఎవరిని అడిగినా "కుళ్లాయప్ప శానా మంచోడు, ఆ మిషనే మంచిది కాదు" అనేవాళ్లు. అనకేం? పొద్దస్తమానం ఓనరే ఆ మాట అంటుంటే జనం నమ్మరా? కడపలో రంగు లైట్లతో ఒక కొత్త స్టూడియో వెలిసింది. పాటగాళ్లు అటు దారి పట్టారు. మాకు ఆటో ప్రకటనలు, చావు ఇంటి భజనలు, అబ్రార్ గురువారాలు మిగిలాయి. ఈ లోపల కింద చీరల అంగడాయన పైకొచ్చి కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోవద్దు కుళ్లాయప్పా. నాకు మూటలు పెట్టుకునేదానికి జాగా చాలడంల్యా. దసరా దాకా చూస్తా. నీకు ఏదన్నా గట్టి పని కుదిరితే సరే, నేను యాడనో సర్దుకుంటా. లేదంటే మేడ వదిలేయప్పా."

మామ సరేనని తలూపాడు. అంగడాయన పోయాక చాలాసేపు మైకుకు పట్టిన దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. మామకు ఆ పని తప్ప ఇంకో పని రాదు. నాకు ఆ గది తప్ప ఇంకోచోట నోరు రాదు. నాకు నిజంగా భయమేసింది.

ఆ దిగుల్లోనే మామ ఇంకో తిక్క పని చేశాడు. కడపలో ఎవరో రికార్డింగ్ మీద వారం రోజులు పాఠాలు చెబుతున్నారంటే నన్ను పంపించాడు. "మేడ పోయినా నేర్చిన పని పోదు. నాకు వచ్చేది నీకు చాలదు, పోయి రా పాపా" అన్నాడు. పోయాను. మొదటి రోజు పాఠమే లేటెన్సీ. వింటుంటే నాకు కుర్చీ కింద నేల కదిలినట్టయింది. తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాను.

"మామా, లేటెన్సీ అంటే ఏంది?"

"మిషన్ రోగం."

"కాదు. మనం పాడింది కంప్యూటర్లోకి పోయి మళ్లీ మన హెడ్‌ఫోన్లలోకి వచ్చేదానికి పట్టే ఆలస్యం. అది ఎక్కువైతే మన గొంతే మనకు వెనకబడి వినిపిస్తుంది. అంతే గానీ మనిషి నోరు పడిపోదు."

"పడిపోదా?"

"క్లిప్పింగ్ అంటే గొంతు మరీ గట్టిగా వచ్చి, మిషన్ పట్టలేక, అంచులు తెగి గరగరమనడం. ఆ రోజు నా గొంతు బయటికే రాలేదు. తెగేదానికి ఏముంది?"

"ఏమీ ల్యా" అని ఒప్పుకున్నాడు.

"ఫాంటమ్ పవర్ అంటే కేబుల్ గుండా మైకుకు పోయే కరెంటు. అది పడిపోతే మన మైకు అసలు పలకదు. అబ్రార్ గురువారానికీ కరెంటుకూ ఏం సంబంధం మామా?"

"శానా బాగా నేర్పినారు పాపా నీకు" అన్నాడు మామ, సంతోషంగా. నిజంగానే సంతోషం. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని మైకు నుంచి కేబుల్ దాకా ఒక్కొక్కటీ పరీక్ష చేశాను. ఎక్కడా ఈగ వాలినంత చప్పుడు లేదు. కడప పాఠాల్లో చూపించిన సామాను కంటే మాదే మేలు.

"మామా, మన మిషన్‌లో ఏ లోపమూ లేదు."

ఆయన గబగబా పోయి తలుపేసి వచ్చాడు. "మెల్లగా అను పాపా. బయట కస్టమర్లు ఉండారు, వింటారు."

మీరే చెప్పండి. సరుకులో లోపం బయటపడుతుందని తలుపేసుకునే వ్యాపారిని చూశాం గానీ, సరుకు బాగుందని తెలిసిపోతుందని తలుపేసుకునేవాణ్ణి ఎక్కడన్నా చూశామా?

దసరా దగ్గర పడుతుండగా దేవుడు కళ్లు తెరిచినట్టు పులివెందుల నుంచి కబురొచ్చింది. అక్కడ ఒక ప్రైవేటు బడి నడిపే అబ్దుల్ వాహిద్ గారు, చిన్న తరగతుల పాఠాలన్నీ తన టీచర్ల గొంతుల్లో రికార్డు చేయించి, పిల్లలు ఇంట్లో ఫోన్లో వినేట్టు చేయాలనుకుంటున్నారు. నెలల తరబడి పని. అది మాకు వస్తే మేడ మాదే. ముందొకసారి వచ్చి స్టూడియో చూస్తామన్నారు. వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే మామను కూర్చోబెట్టాను.

"మామా, ఈ ఒక్క పొద్దు మిషన్‌ను తిట్టొద్దు."

"తిట్టను."

"ఒట్టు?"

"మైకు మీద ఒట్టు."

వాహిద్ గారు వచ్చారు. చలువ చొక్కా, కళ్లద్దాలు, ఆచితూచి మాట్లాడే మనిషి. వెంట సుశీలమ్మ టీచర్. ఆ బడి పెట్టినప్పటి నుంచి అక్కడే పాఠాలు చెప్పి జుట్టు నెరిసిన మనిషి. నమూనాకు ఆమె చేత ఒక పాఠం చదివించాలి. మామ ఆమెను గదిలోకి పంపి, మైకు ఎత్తు సరిచేసి, ఉఫ్ అనే గాలి మైకును కొట్టకుండా ముందు పెట్టే వలను సర్ది వచ్చాడు. గొంగళ్ల వైపు చూసి వాహిద్ గారు "బాగున్నాయే" అన్నారు. నా గుండె కొంచెం కుదుటపడింది.

సుశీలమ్మ టీచర్ మొదలుపెట్టింది. చీమ, పావురం కథ. పిల్లల ముందు నిద్రలో కూడా చెప్పగల కథ. చీమ నీళ్లలో పడే దాకా బాగానే వచ్చింది. పావురం ఆకు తుంచబోయే చోట ఆమె గొంతు ఆగిపోయింది. మళ్లీ మొదలు. మళ్లీ అక్కడే. చీమ నీళ్లలోనే ఉంది.

"ఏం టీచర్, రోజూ చెప్పే కథే గదా?" అన్నారు వాహిద్ గారు. కోపంగా కాదు, మామూలుగానే. కానీ లోపలివాళ్లతో మాట్లాడేదానికి మా గదిలో పెట్టుకున్న ఇంకో మైకు అవతలి గదికి ఆ మాటను చేరవేసింది. సుశీలమ్మ టీచర్ మొహంలో రక్తం లేదు. చేతిలో పుస్తకం మూసేసింది. హెడ్‌ఫోన్లు తీయబోయింది.

మామ నా వైపు చూశాడు. నేను వద్దు మామా అని కళ్లతోనే బతిమాలాను. ఆయన ఒక్క క్షణం తలొంచుకుని, లేచి కంప్యూటరు నెత్తిన ధడేల్‌మని ఒకటి వేశాడు.

"ఆయమ్మది కాదు వాహిద్ సాబ్. ఆయమ్మ శానా బాగా చదువుతాంది. ఇది లేటెన్సీ. ఈ మిషన్ ఒట్టి గాడిద."

టీచర్ హెడ్‌ఫోన్లు మళ్లీ చెవులకు పెట్టుకుంది. తర్వాతి టేకులో పావురం ఆకు వేసింది, చీమ గట్టెక్కింది. మేమే మునిగాం. వాహిద్ గారు కళ్లద్దాలు తుడుచుకుని, "మిషన్ ఇట్లుంటే ఇన్ని పాఠాలు యట్లప్పా?" అని మర్యాదగా సెలవు తీసుకున్నారు. కడప స్టూడియోకు పోతున్నట్టు సాయంత్రానికి తెలిసింది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఒట్టేసి గూడా ఏంది మామా ఇది? ఆమె మర్చిపోయిందని ఒక్క మాట అంటే ఏమయ్యేది? అందరూ మర్చిపోతారు. మేడ పోతాంది తెలుసా నీకు?"

"తెలుసు పాపా."

"మరి?"

మామ మైకు కేబుల్‌ను చుట్టలు చుడుతూ మెల్లగా చెప్పాడు. "చిన్నప్పుడు మా పల్లెలో చెక్కభజన నేర్చుకుంటాంటిమి. నాకు పాటంటే పిచ్చి. గొర్లెంబడి పోతే గొర్లకు గూడా పాడేటోన్ని. పండగ పొద్దు అందరి ముందర ఒక చరణం మర్చిపోయినా. గురువు ఆపేసి, గాడిదా, దిగు అన్యాడు. దిగినా. మళ్ల ఎక్కల్యా."

"మళ్లీ ఎప్పుడూ పాడలేదా?"

"ల్యా. ఆయప్పది గూడా తప్పు గాదులే, పండగ హడావుడి. కానీ ఆ పేరు నా కాడ ఉండిపాయ. ఎవరికో ఒకరికి ఇయ్యాల గదా పాపా. మిషన్‌కిచ్చినా. దాన్ని ఏమన్నా అది ఏడ్సదు. మనిషిని అంటే ఆ మనిషి మళ్ల మెట్లెక్కడు."

బస్సులో కూర్చుని జమ్మలమడుగు దాకా నా మొదటి రోజును తలుచుకుంటూ పోయాను. ఆ రోజు ఆ మిషన్‌కు అన్ని రోగాలు రాకపోయి ఉంటే నేను ఆ మెట్లు దిగి, జన్మలో మళ్లీ ఎక్కేదాన్ని కాదు. ఆయనకు ఆ రోగాల పేర్ల అర్థాలు నాకంటే ముందే తెలుసు. తెలిసే తప్పు చెప్పాడు. సగం దారిలో కళ్లు తుడుచుకున్నాను. పక్కసీటామె దుమ్ము పడిందా అని అడిగితే అవునన్నాను.

దసరా ఇంకా కొన్నాళ్లుందనగా మామ గొంగళ్లకు కొట్టిన మేకులు పీకడం మొదలుపెట్టాడు. అప్పుడు మెట్ల మీద చాలామంది అడుగుల చప్పుడైంది. చూస్తే ముందు సుశీలమ్మ టీచర్, వెనక ఆ బడి టీచర్లు, అందరికంటే వెనక ఆయాసపడుతూ వాహిద్ గారు.

"ఏం జెప్పేదప్పా కుళ్లాయప్పా" అన్నారాయన కుర్చీలో కూలబడి. "కడపలో మిషన్ శానా గొప్పది. ఒక టీచర్ తడబడితే 'తప్పు చదివినారు మేడమ్' అంటాడు ఆ మిషన్ కాడ కూర్చునే పిల్లోడు. ఇంకో టీచర్‌ను 'బడిలో గూడా ఇట్లే చదువుతారా' అన్యాడు. రెండో పొద్దుకు ఒక్కరూ వ్యాన్ ఎక్కల్యా. ఒకామెకు జ్వరం, ఒకామెకు పంటినొప్పి, ఒకామె ఇంటికి చుట్టాలొచ్చినారు."

"చుట్టాలు నిజంగానే వచ్చినారు సార్" అంది ఒక టీచరమ్మ.

సుశీలమ్మ టీచర్ ముందుకొచ్చింది. "నేను సార్‌కు ఒకటే చెప్పినానన్నా. ఆడ మిషన్ బాగుంది, మేం బాగలేము. ఈడ మిషన్ బాగలేదు, మేం బాగున్నాం. మాకు ఈ మిషనే కావాల."

మామ చేతిలో పీకిన మేకు ఉంది. దాన్ని చూసి, "ఈ మేకు గాడిద, ఊరికే ఊడొచ్చింది" అని మళ్లీ గోడకు కొట్టాడు.

అట్లా పని మాకొచ్చింది. చీరల అంగడాయన మూటలు ఇంకెక్కడో సర్దుకున్నాడు. పులివెందుల నుంచి టీచర్లు వ్యాన్‌లో వచ్చేవాళ్లు, నవ్వుకుంటూ పోయేవాళ్లు. మిషన్ మాత్రం తన జీవితంలో అన్ని తిట్లు ఎప్పుడూ తిని ఉండదు. చివరికి ముందుమాట చదవడానికి వాహిద్ గారే గదిలోకి పోయి, తన బడి పేరు తానే మర్చిపోయి నిలబడ్డారు. మామ నోరు తెరవకముందే ఆయనే అద్దం అవతల నుంచి వేలు చూపించి, "లేటెన్సీ గదూ?" అని అడిగారు.

"లేటెన్సీనే సాబ్" అన్నాడు మామ.

అన్ని పాఠాలూ అయిపోయిన రోజు వాహిద్ గారు ఒక పట్టు పట్టారు. రికార్డు చేసింది ఎవరో పిల్లలకు తెలియాలి, కాబట్టి కుళ్లాయప్ప కూడా రెండు మాటలు చెప్పాలన్నారు. మామ వెనక్కి వెనక్కి జరిగాడు. తన గొంతు మిషన్‌కు పడదన్నాడు. సుశీలమ్మ టీచర్ చెయ్యి పట్టుకుని గదిలోకి నెట్టింది. అన్నేళ్లుగా ఎందరికో మైకు ఎత్తు సరిచేసిన మనిషి, మొదటిసారి తానే దాని ముందు నిలబడ్డాడు. ఈవల మిషన్ ముందు నేను కూర్చున్నాను. అత్త క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కన్నార్పకుండా చూస్తోంది.

రికార్డింగ్ మొదలుపెట్టి బొటనవేలు ఎత్తాను.

"పిల్లలూ, నమస్కారం. ఈ పాఠాలు ప్రొద్దుటూరులో..." అన్నాడు మామ. ఆగిపోయాడు. తెర మీద గొంతు గీత సన్నని దారంలా సాగిపోతోంది. ఆయన పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. చెయ్యి హెడ్‌ఫోన్ల వైపు పోయింది. ఆ చెక్కభజన అరుగు మీద నుంచి దిగిన పిల్లవాడు ఎలా ఉండి ఉంటాడో నాకు ఆ క్షణంలో కనిపించాడు.

నేను లేచి, కంప్యూటరు నెత్తిన ఒక్కటి వేశాను.

"రోంత ఆగు మామా. నీది కాదు. నువ్వు శానా బాగా చెప్తాండావు. లేటెన్సీ వచ్చింది. గాడిద మిషన్."

మామ అద్దంలోంచి నన్ను చూశాడు. "ఈ మిషన్‌కు లేటెన్సీ లేదని నువ్వే గదా పాపా చెప్తివి."

"ఈ పొద్దు వచ్చింది."

"మాకూ వినిపించిందన్నా" అంది సుశీలమ్మ టీచర్.

"ఫాంటమ్ పవర్ గూడా పడిపోయినట్టుంది" అన్నారు వాహిద్ గారు గంభీరంగా.

"స్టవ్ మాత్రం బాగనే ఉంది" అంది అత్త.

మామ నవ్వాడు. ముందు పెదవులతో, తర్వాత భుజాలతో, చివరికి కడుపు పట్టుకుని నవ్వాడు. గొంగళ్లు ఎన్ని ఉంటే మాత్రం, ఆ నవ్వును పీల్చుకోలేకపోయాయి. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఒక్క తడబాటు లేకుండా చెప్పాడు. "పిల్లలూ, నమస్కారం. ఈ పాఠాలు ప్రొద్దుటూరులో రికార్డయినాయి. మీ టీచర్లు శానా బాగా చదివినారు. వినండి."

ఆ సాయంత్రం ట్రాక్ కత్తిరించి సరిచేస్తుంటే మామ వెనకాల నిలబడ్డాడు. "ముందర ఆ నవ్వు తీసెయ్ పాపా, పిల్లలు ఏమనుకుంటారు?" అన్నాడు. సరే మామా అన్నాను. ఇప్పటికీ పులివెందులలో పిల్లలు ఫోన్ తెరిస్తే పాఠం కంటే ముందు ఆ నవ్వే వినిపిస్తుంది. విన్న పిల్లలు కూడా నవ్వుతారట. మామ ఆ సంగతి విన్నప్పుడల్లా తీసెయ్యమని చెప్తినే అని నిలదీస్తాడు.

"తీద్దామనే చూస్తాండా మామా" అంటాను. "తియ్యనియ్యడంల్యా. గాడిద మిషన్."